మినీమ్యాప్‌లో క్వెస్ట్ మార్కర్లు ఆఫ్ చేసి ఆడితే గేమ్‌లో ఎక్కువ లీనమవుతామా?

"ఏ ఆన్‌లైన్ ఆర్పీజీ ఆడినా మూలన ఉన్న మినీమ్యాప్ మీద చుక్క చూసుకుంటూ పరిగెత్తడమే సరిపోతోంది, దాటొచ్చిన ఊరు ఎలా ఉందో కూడా గుర్తుండట్లేదు, మార్కర్లు ఆఫ్ చేసి ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా, తేడా ఉంటుందా" అని అడిగారు. (ఆర్పీజీ అంటే ఒక పాత్రగా మారి ఆడే గేమ్, క్వెస్ట్ అంటే అందులో మనకి అప్పగించే పని, మార్కర్ అంటే ఆ పని ఎక్కడుందో మినీమ్యాప్ అనే చిన్న పటం మీద చూపించే గుర్తు.)

ఉన్నాను, ఇప్పటికీ వీలైనంతవరకు అలాగే ఆడతాను. తేడా చాలా ఉంటుంది, కాకపోతే అన్ని గేముల్లో ఉండదు. మార్కర్ ఆఫ్ చేయడం వల్ల లీనమవడం దానంతట అది రాదు. ఆ క్వెస్ట్ రాసిన మనిషి దారిని మాటల్లో చెప్పి ఉండాలి. చెప్పి ఉంటే ఆఫ్ చేయండి, ఆ గేమ్ మీకు వేరే గేమ్‌లా కనిపిస్తుంది. చెప్పకుండా "ఫలానా గుహలో పదిమందిని చంపు" అని రాసి మిగతాదంతా చుక్కకి వదిలేసి ఉంటే, ఆఫ్ చేసి మీరు చేసేదేమీ ఉండదు, కొండల మధ్య ఊరికే తిరగడం తప్ప.

నేను దీన్ని బాగా గమనించింది 2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ వచ్చినప్పుడు. 2004లో వచ్చిన అసలు గేమ్‌ని దాదాపు అప్పటి రూపంలోనే మళ్లీ తెచ్చారు కదా, అందులో క్వెస్ట్ ఎక్కడ పూర్తి చేయాలో మ్యాప్ చూపించదు. క్వెస్ట్ ఇచ్చేవాళ్ల తల మీద పసుపు ఆశ్చర్యార్థకం ఉంటుంది, అంతవరకే. తర్వాత ఎటు పోవాలన్నది వాళ్లు చెప్పిన మాటల్లో వెతుక్కోవాలి. క్వెస్టీ అనే యాడాన్ (గేమ్‌కి విడిగా కలుపుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకుంటే అన్నీ మ్యాప్ మీదకి వచ్చేస్తాయి, చాలామంది మొదటి రోజు నుంచే వేసుకున్నారు. మేం నలుగురం, కాలేజీ నాటి ఫ్రెండ్స్‌మి, వేసుకోకూడదని ముందే అనుకున్నాం.

మనుషుల పాత్రతో మొదలుపెడితే తొందరగానే గోల్డ్‌షైర్ అనే చిన్న ఊరికి చేరతారు. అక్కడ మార్షల్ డుగన్ అనే అధికారి ఫార్గోడీప్ అనే గనిని చూసి రమ్మంటాడు. దారి ఎలా చెప్తాడంటే, గోల్డ్‌షైర్‌కి దాదాపు నేరుగా దక్షిణాన, స్టోన్‌ఫీల్డ్‌ల పొలానికీ మెక్లూర్‌ల ద్రాక్షతోటకీ మధ్యలో ఉంటుంది అని. అంతే, ఒక్క వాక్యం. కానీ ఆ ఒక్క వాక్యంతో మీ తలలో మూడు చోట్లు పడ్డాయి, ఒకదానికొకటి ఎటు ఉన్నాయో కూడా తెలిసిపోయింది. ఊరు దాటి దక్షిణానికి నడుస్తుంటే ఒక పొలం కనిపిస్తుంది. ఇది స్టోన్‌ఫీల్డ్‌లదా, మెక్లూర్‌లదా? తెలియాలంటే దగ్గరికి వెళ్లి అక్కడున్న మనిషి పేరు చూడాలి. చూస్తారు. చూస్తే ఆమె ఇంకో పని చెప్తుంది.

ఇక్కడి నుంచి అసలు కథ. స్టోన్‌ఫీల్డ్‌ల ఇంట్లో బెర్నీస్ అనే పెద్దావిడ, అందరూ ఆంటీ అని పిలుస్తారు, తన గొలుసు పోయిందని, మెక్లూర్‌ల పిల్లాడు బిల్లీ మీద అనుమానమని అంటుంది. బిల్లీ దగ్గరికి వెళితే వాడు ఊరికే చెప్పడు, 'పై' అనే, లోపల మాంసం పెట్టి కాల్చే వంటకం కావాలంటాడు. అడవిపంది మాంసం తెచ్చి ఆవిడకే ఇస్తే ఆవిడే వండి ఇస్తుంది, అది పట్టుకెళ్లి వాడికి పెడితే అప్పుడు చెప్తాడు, గొలుసు గనిలో ఉన్న గోల్డ్‌టూత్ అనే కోబోల్డ్ (ఎలుకలాంటి జీవి) దగ్గర ఉందని. అదే గని. మరోవైపు మెక్లూర్‌ల అమ్మాయి మేబెల్, స్టోన్‌ఫీల్డ్‌ల అబ్బాయి టామీ జోని ప్రేమించింది, రెండు కుటుంబాలకీ పడదు, ఆమె ఉత్తరం పట్టుకుని మీరు నది ఒడ్డున ఉన్న ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లాలి. అతను నాయనమ్మ దగ్గరికి పంపిస్తాడు, ఆవిడ చీటీ రాసిచ్చి గోల్డ్‌షైర్ సత్రంలో ఉన్న విలియం పెస్టిల్ దగ్గరికి పంపిస్తుంది, ఆయన సరస్సులో ముర్లాక్‌లనే చేపలాంటి జీవుల దగ్గరుండే నాచు తెమ్మంటాడు, చివరికి ఆ అమ్మాయి ఎవరికీ కనపడకుండా ఇంట్లోంచి బయటపడటానికి ఒక మందు తయారుచేసి ఇస్తాడు.

ఇదంతా లెవెల్ పది లోపు, కొత్తగా గేమ్‌లోకి వచ్చినవాళ్లకి ఇచ్చే చిన్నాచితకా పనులే. కానీ దారి చెప్పిన ఆ వాక్యంలోనే రెండు కుటుంబాలూ ఉన్నాయి చూడండి. మధ్యలో గని ఎందుకుంది, ఆ పొలాలు పక్కపక్కనే ఎందుకున్నాయి, పిల్లలు ఎలా కలిశారు, అంతా ఒకే నేల మీద జరుగుతుంది, ఆ నేలని మీరు కాళ్లతో తిరిగి తెలుసుకున్నారు. ఇన్నేళ్లైనా ఆ చుట్టుపక్కల ఏది ఎక్కడుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. అదే ప్రాంతాన్ని తర్వాత మార్కర్లు పెట్టుకుని ఇంకో పాత్రతో ఆడాను, పని సగం సమయంలో అయిపోయింది, కానీ ఎవరి ఇంటికి వెళ్లానో, ఎవరికి ఏమిచ్చానో ఒక్కటీ మనసుకి పట్టలేదు. క్వెస్ట్ అదే, మాటలు అవే, చదవాల్సిన అవసరం పోయింది, అంతే తేడా.

మా నలుగురిలో ఒకడు అమెరికాలో ఉంటాడు, వాడికి పొద్దున మాకు రాత్రి. డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌లో కూర్చుని ఒక్కో క్వెస్ట్‌ని ఒకరు పైకి చదివేవాళ్లం, ఇంగ్లిష్‌లో కాదు, చూసి తెలుగులో చెప్పేవాళ్లం. "ఒరేయ్, గని రెండు పొలాల మధ్యలో ఉందంట, దక్షిణానికి పదండి", "ముసలావిడ గొలుసు పోయిందంట, ఆ బుడ్డోడే తీశాడంటోంది". ఇంకొకడు "ఆగు ఆగు, ఆ పిల్లాడు ఇందాక కంచె దగ్గర కనిపించాడు" అనేవాడు. నాకు తెలిసి ఇమ్మర్షన్, అంటే గేమ్‌లో లీనమవడం, ఇదే. గ్రాఫిక్స్ వల్ల వచ్చేది కాదు, స్క్రీన్ మీద బొమ్మలు తగ్గించినందువల్ల వచ్చేదీ కాదు. ఆ ఊళ్లో మనుషుల గురించి మనం మనలో మనం మాట్లాడుకోవడం. చుక్క చూపిస్తుంటే ఆ మాటలు పుట్టేవి కావు, ఎందుకంటే ఎవరూ ఎవరినీ ఏమీ అడగాల్సిన పని ఉండేది కాదు. ఆన్‌లైన్ గేమ్‌కీ ఒంటరిగా ఆడేదానికీ నాకు కనిపించే పెద్ద తేడా ఇదే, దారి తెలియకపోవడం అనేది పక్కవాడితో మాట కలపడానికి ఒక కారణం అవుతుంది.

అలాగని పాతరోజులు గొప్పవి, మార్కర్లు వచ్చి పాడుచేశాయి అని నేను అనను. పాత క్వెస్టుల్లో దారి సరిగా చెప్పనివి బోలెడు. ఇదే గేమ్‌లో బారెన్స్ అనే పెద్ద మైదానంలో మాన్‌క్రిక్ అనే ఓర్క్ తప్పిపోయిన భార్యని వెతకమంటాడు, ఎటు వెళ్లాలో స్పష్టంగా చెప్పడు, ఆ ప్రాంతం చాట్ నిండా "మాన్‌క్రిక్ భార్య ఎక్కడుంది" అన్న ప్రశ్నే. ఇప్పుడది అందరూ ఇష్టంగా తలుచుకుంటారు గానీ, అప్పట్లో గంటసేపు పందిముఖాల క్విల్‌బోర్‌ల గుడిసెల మధ్య తిరిగి విసుగెత్తినవాళ్లకి అదేమంత సరదా కాదు. చాలామంది ఏం చేసేవారంటే, గేమ్ కిందకి దించి థాట్‌బాట్ లాంటి సైట్ తెరిచి, అక్కడ కామెంట్లలో ఆ చోటు మ్యాప్ మీద ఎక్కడుందో ఎవరో రాసిన అంకెలు చూసుకుని మళ్లీ గేమ్‌లోకి వచ్చేవారు. అంటే గేమ్ ప్రపంచంలోంచి పూర్తిగా బయటికి వెళ్లి రావడం. ఆ తర్వాత క్వెస్ట్‌హెల్పర్ లాంటి యాడాన్లు వచ్చాయి, మ్యాప్ మీద బాణంతో సహా చూపించేవి. చివరికి 2009 డిసెంబరులో 3.3 ప్యాచ్ (గేమ్‌కి ఇచ్చే అప్‌డేట్) ఇచ్చి, గేమ్ తయారుచేసిన కంపెనీయే దాన్ని గేమ్‌లో పెట్టేసింది. ఆటగాళ్లు అప్పటికే బయట వెతుక్కుంటున్నదాన్ని లోపలికి తెచ్చారు, అందులో నాకు తప్పేమీ కనిపించదు.

అంతకుముందు సంగతి చూస్తే ఇంకా కష్టం. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో మొదట్లో గేమ్‌లో మ్యాపే లేదు, మీ పాత్ర ఏ దిక్కుకి తిరిగి ఉందో తెలుసుకోవడం కూడా ఒక స్కిల్, దాన్ని సాధన చేసి పెంచుకోవాలి. దాన్ని ఎంతో ప్రేమగా గుర్తుచేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట నేను నమ్ముతాను, కానీ ఉద్యోగం చేసుకుని రాత్రి ఒక గంట ఆడే మనిషికి అది కుదరదు.

గిల్డ్ వార్స్ 2 వాళ్లు అసలు క్వెస్ట్ జాబితానే వద్దనుకున్నారు. ఊరి పక్కన దాడి జరుగుతుంటే మీరు చూసి వెళ్లి సాయం చేయాలి, అదే వాళ్ల ఆలోచన. 2012లో గేమ్ వచ్చేలోపు టెస్టింగ్‌లో జనం ఏం చేయాలో తోచక తిరుగుతుంటే మ్యాప్ మీద హృదయం గుర్తులు పెట్టారు. మార్కర్ అనేది సోమరితనంతో పెట్టేది కాదు, ఆటగాడు అయోమయంలో పడి వదిలేసి వెళ్లిపోకూడదని పెట్టేది. ఆ భయం నిజమైనదే.

నా ఫిర్యాదు వేరే. మార్కర్ వచ్చాక క్వెస్ట్ రాసేవాళ్లు దారి చెప్పడం మానేశారు. చుక్క ఉందిగా, ఇంకెందుకు రాయడం? మార్కర్‌కి నేను కోపగించుకునేది దీనికే. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ నాకు చాలా ఇష్టమైన గేమ్, 2014 నుంచి నడుస్తోంది, అందులో పాత్రల గొంతులు, కథలు చాలా బాగుంటాయి. అది వచ్చినప్పుడు మినీమ్యాప్ లేదు కూడా, స్క్రీన్ పైన దిక్సూచి పట్టీ మాత్రం ఉండేది, పీసీలో చాలామంది యాడాన్ వేసుకుని మినీమ్యాప్ తెచ్చుకున్నారు. ఆ దిక్సూచి మీద క్వెస్ట్ గుర్తుల్ని సెట్టింగ్స్‌లోనే ఆపేయొచ్చు. నేను ఆపి ఆడి చూశాను. చాలా క్వెస్టుల్లో నడవలేదు. ఆ మనిషి ఎంతో బాధగా తన అన్న గురించి చెప్తాడు, అంతా విని, తీసుకున్న క్వెస్టులన్నీ ఉండే జర్నల్ తెరిస్తే ఫలానా శిథిలాల్లో ఫలానా వ్యక్తితో మాట్లాడు అని ఒక ముక్క ఉంటుంది. శిథిలాలు ఎటు, కొండకి ఇటువైపా అటువైపా, ఏ దారిలో పోవాలి, ఒక్క మాట ఉండదు. దారి చెప్పనప్పుడు చుక్క తీసేస్తే మిగిలేది శూన్యం.

కానీ అదే గేమ్‌లో ట్రెజర్ మ్యాపులు ఉన్నాయి, వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. శత్రువుల దగ్గరో పెట్టెల్లోనో దొరుకుతాయి. తెరిస్తే పెన్సిల్ గీతల్లాంటి బొమ్మ. పేరు చూస్తే ఏ ప్రాంతమో తెలుస్తుంది, గ్లెనంబ్రా అనో మరోటో, కానీ ఆ ప్రాంతంలో ఎక్కడ అనేది బొమ్మ చూసి మీరే పట్టుకోవాలి. దాంట్లో ఒక విరిగిన గోడ, పక్కన వంగిన చెట్టు, వెనకాల కొండ అంచు, ఒక చోట ఇంటూ గుర్తు ఉన్నాయనుకోండి. ఇక మీరు ఆ ప్రాంతమంతా చూసే తీరే మారిపోతుంది. ప్రతి గోడ దగ్గరా ఆగుతారు. ఇక్కడ చెట్టుంది గానీ కొండ ఎడమవైపు ఉంది, బొమ్మలో కుడివైపు, అంటే గీసినవాడు అటు నుంచి చూసి గీశాడేమో అనుకుని చుట్టూ తిరిగి వెళ్లి అటు నుంచి చూస్తారు. కుదిరింది! మట్టి కుప్ప కనిపిస్తుంది, తవ్వితే పెట్టె. పెట్టెలో వచ్చేది గొప్పగా ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఆ కొండనీ గోడనీ చెట్టునీ, గేమ్ ఆర్టిస్టులు కష్టపడి చేసినవాటిని, మీరు నిజంగా చూశారు. వీటికీ యాడాన్లు ఉన్నాయి, కచ్చితంగా ఎక్కడో మ్యాప్ మీద పెట్టేస్తాయి. దయచేసి మొదటి కొన్నింటికైనా అవి వాడకండి, ఇది నా మనవి.

ఇంకొక సంగతి, మార్కర్లు పూర్తిగా తీసేయాలనేవాళ్లు ఎప్పుడూ మర్చిపోయేది. ఈ గేములన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. మా పిన్ని కొడుకు తెలుగు మీడియంలో చదువుకున్నాడు, ఫోన్‌లో గెన్షిన్ ఇంపాక్ట్ ఆడతాడు. 2020లో వచ్చినప్పటి నుంచి అందులో వందల గంటల డైలాగులు ఉన్నాయి, తెలుగు లేదు. వాడు మొదట్లో డైలాగులన్నీ టకటకా నొక్కేసి పసుపు గుర్తు వెంట, దాని కింద ఇంకా ఎన్ని మీటర్లో చూపించే అంకె వెంట పరిగెత్తేవాడు. ఆ గుర్తే లేకపోతే వాడు ఆ గేమ్ మొదటి రోజే తీసేసేవాడు. దాని వల్లనే ఆ ప్రపంచంలో ఉండగలిగాడు, కొండలెక్కాడు, గాల్లో ఎగిరాడు, ఉండగా ఉండగా పాత్రల మీద ఇష్టం పెరిగి వీళ్లేం మాట్లాడుతున్నారో తెలుసుకోవాలనిపించింది. అందులో కొన్ని క్వెస్టుల్లో కచ్చితమైన గుర్తు ఉండదు, మ్యాప్ మీద ఒక పెద్ద వలయం గీసి ఈ లోపల వెతుక్కో అంటారు, అలాంటిది వస్తే నాకు స్క్రీన్‌షాట్ పంపించి "అన్నా, దీంట్లో ఏమని ఉంది" అని అడిగేవాడు. ఇప్పుడు వాడంతట వాడే చదువుతాడు, అర్థం కాని మాటలకి మాత్రం మెసేజ్ పెడతాడు. వాడిలాంటివాళ్లు మన దగ్గర ఎంతోమంది. వాళ్ల దగ్గర్నుంచి ఆ చుక్క లాక్కుని "ఇదే అసలైన అనుభవం" అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ వలయం పద్ధతి నాకు బాగా నచ్చింది, అందరికీ సరిపోయేది అదేననుకుంటున్నాను. ఈ చుట్టుపక్కలే అని చెప్తుంది, చివరి వంద అడుగులు మీ కళ్లకే వదిలేస్తుంది. ఎల్డెన్ రింగ్ అనే గేమ్ ఇంకో దారి పట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు క్వెస్ట్ జాబితా లేదు, ఏ పాత్ర ఎక్కడ కనిపించిందో గుర్తుపెట్టుకోలేక జనం కాగితాల మీద రాసుకున్నారు, మార్చిలోనే ఒక ప్యాచ్ ఇచ్చి, మీరు ఒకసారి కలిసిన పాత్రల పేర్లు మాత్రం మ్యాప్ మీద పడేలా చేశారు. కలవనివాళ్లు పడరు. అది సరైన పద్ధతి. మీరు కనుక్కున్నదాన్ని గేమ్ గుర్తుపెట్టుకుంటుంది, కనుక్కోనిదాన్ని ముందే చెప్పేయదు.

దీనికి పూర్తిగా అవతలి చివర ఉన్నవి బ్లాక్ డెజర్ట్ లాంటి గేములు. క్వెస్ట్ మీద నొక్కి, టీ కీ నొక్కితే మీ గుర్రమే తీసుకెళ్తుంది. మొబైల్ ఎంఎంఓల్లో (వేలమంది ఒకేచోట ఆడే ఆన్‌లైన్ గేముల్లో) అయితే నడవడం, కొట్టడం కూడా అదే చేసుకుంటుంది. అక్కడ మార్కర్ ఆఫ్ చేయాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, ఆ గేములు వేరే ఆనందం కోసం, వాటిని వాటిలాగే ఆడండి.

ఇక మీరు ఎలా మొదలుపెట్టాలంటే, నేను చేసేది చెప్తాను. అన్నీ ఒకేసారి ఆపేయకండి. క్వెస్ట్ ఇచ్చేవాళ్ల గుర్తులు ఉంచుకోండి, దిక్సూచి ఉంచుకోండి, పని ఎక్కడ ఉందో చూపించే గుర్తు ఒక్కటే ఆపండి. ఇది చాలా గేముల్లో విడిగా ఆపొచ్చు, ఇప్పటి వార్‌క్రాఫ్ట్‌లో కూడా తెర మీద గాల్లో తేలే దారి గుర్తుని సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. క్వెస్ట్ తీసుకున్నాక మాటలు పూర్తిగా చదవండి, అందులో దిక్కుగానీ రోడ్డుగానీ ఊరిపేరుగానీ ఉందా చూడండి. ఉంటే పెద్ద మ్యాప్ ఒకసారి తెరిచి మనసులో దారి అనుకుని మూసేయండి, తర్వాత రోడ్డు పట్టుకుని వెళ్లండి, అడ్డదారిలో కొండలెక్కి వెళ్లకండి, ఎందుకంటే ఊళ్లూ మనుషులూ బోర్డులూ పెట్టేది రోడ్డు పక్కనే. లేకపోతే ఆ క్వెస్ట్‌కి మార్కర్ ఆన్ చేసేసుకోండి, అందులో తక్కువతనం ఏమీ లేదు. కాసేపు వెతికినా దొరక్కపోతే బయట సైట్ తెరిచేముందు చాట్‌లో అడగండి. ఇప్పటికీ సమాధానం చెప్పేవాళ్లు ఉన్నారు, "ఆ మిల్లు దాటాక చూడు" అని చెప్పడం చాలామందికి ఇష్టం.

ఫ్రెండ్స్‌తో ఆడుతుంటే మాత్రం ముందే మాట్లాడుకోండి. ముగ్గురికి మార్కర్లు ఉండి ఒక్కరికి లేకపోతే ఆ ఒక్కరు చదివేలోపు మిగతావాళ్లు పని ముగించి అవతలి ఊళ్లో ఉంటారు, చదివేవాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అందరూ ఆపేయాలి, లేదా అందరూ పెట్టుకోవాలి. జట్టుగా వెళ్లి పోరాడే డంజియన్లకీ, ఇంకా పెద్ద జట్టు కావాల్సిన రెయిడ్లకీ, కొత్తవాళ్లతో కలిసినప్పుడు అన్నీ ఆన్‌లో పెట్టుకోండి, పదిమందిని ఆపి మీరు గోడల మీద రాతలు చదువుతూ నిలబడితే బాగోదు.

మీరు ఏ గేమ్ ఆడుతున్నారో రాయలేదు. క్లాసిక్ అయితే మనుషుల పాత్రతో గోల్డ్‌షైర్ దగ్గర మొదలుపెట్టండి, యాడాన్ లేకుండా. ఎల్డర్ స్క్రోల్స్ అయితే ఒక ట్రెజర్ మ్యాప్ పట్టుకుని బయల్దేరండి. వేరేదైతే పేరు చెప్పండి, నేను ఆడి ఉంటే అందులో దారి మాటల్లో చెప్పే క్వెస్టులు ఏవో రాస్తాను.